ఆకు మీద నల్ల మసి కనిపిస్తే దాని పైనున్న ఆకును తిప్పి చూడండి

మీ ఇంట్లో కుండీలో పెంచే మాన్‌స్టెరా మొక్క ఆకుల మీద నల్లటి మసి పేరుకుందని, తాకితే జిగురు అంటుతోందని, కుండీ మట్టి మీద తెల్ల బూజు కూడా వచ్చిందని రాశారు. ఫంగిసైడ్ (బూజు, తెగుళ్లను చంపే మందు) కొట్టినా మసి మళ్లీ వచ్చిందన్నారు. వస్తుందండి. జిగురు ఉందంటే రసం పీల్చే పురుగు ఎక్కడో కూర్చుని ఉన్నట్టే. అది విసర్జించే తీపి జిగురు మీద ఆ మసి తెగులు పెరుగుతుంది. ఆకు లోపలికి దిగదు, తడిగుడ్డతో తుడిస్తే చాలావరకు వచ్చేస్తుంది. పురుగు పోనంతకాలం మాత్రం ఎన్నిసార్లు తుడిచినా తిరిగి పడుతుంది.

నా ఫిలోడెండ్రాన్‌కి అచ్చం ఇదే వచ్చింది. మసి పట్టిన ఆకు మీద ఎంత వెతికినా పురుగు కనబడలేదు, ఎందుకంటే జిగురు పైనుంచి రాలుతుంది. సరిగ్గా దాని పైనున్న ఆకును తిప్పి చూస్తే నడిమి ఈనె పొడవునా గోధుమరంగు బుడిపెలు వరసగా ఉన్నాయి. చూడ్డానికి ఆకులో భాగంలాగే ఉంటాయి. గోరుతో గీకితే ఒక్కొక్కటీ ఊడి వచ్చి, ఆ చోట తడి మరక మిగిలింది. అదే పొలుసు పురుగు. పెద్దదయ్యాక దాదాపుగా కదలదు, కాళ్లు కనిపించవు, అందుకే మన కంట పడదు.

బుడిపెలకు బదులు కణుపుల్లో, తొడిమ మొదట్లో తెల్లటి దూదిలాంటిది ఉంటే అది పిండినల్లి. ఎర్రనల్లి అయితే ఆకంతా సన్నటి పాలిపోయిన చుక్కలు, పలచటి సాలెగూడు లాంటిది ఉంటాయి. కానీ ఎర్రనల్లి జిగురు వదలదు కాబట్టి మీరు చెప్పినదాన్ని బట్టి నా అనుమానం మొదటి రెండింటి మీదే.

ముందు ఆ కుండీని మిగతా మొక్కలకు తగలకుండా దూరంగా పెట్టండి. పిల్ల పురుగులు ఆనుకున్న ఆకుల మీదుగా పక్క మొక్కకు పాకిపోతాయి. తర్వాత 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో దూది ముంచి, కనిపించిన ప్రతి పురుగునూ చేత్తో ఊడదీయండి. ఓపిక కావాలి, కానీ ఏ స్ప్రే కన్నా ఇదే ఎక్కువ పని చేస్తుందని నా నమ్మకం. ముందు ఒక ఆకు మీద ప్రయత్నించి మర్నాటి దాకా చూడండి. కలాతియా, ఫెర్న్ లాంటి పలచటి ఆకులు మాడిపోవచ్చు.

ఆ తర్వాత వేపనూనె. 5 మి.లీ. నూనెలో కొద్దిగా లిక్విడ్ సోప్ వేసి బాగా కలిపి, అప్పుడు లీటరు గోరువెచ్చటి నీళ్లు పోయండి. సోప్ లేకపోతే నూనె నీళ్లలో కలవక పైకి తేలిపోతుంది. సాయంత్రం పూట, ఆకు అడుగు భాగం, కణుపులు పూర్తిగా తడిసేలా కొట్టండి. ఎండలో వద్దు. వారానికోసారి చొప్పున నెల దాటేదాకా ఆపకండి. పొలుసుల కింద దాగిన గుడ్లకు మందు తగలదు, పిల్లలు బయటికి వచ్చాకే దొరుకుతాయి. రెండోసారికే మొక్క శుభ్రంగా కనబడుతుంది, చాలామంది అక్కడే ఆపేస్తారు, మళ్లీ మొదటికొస్తుంది.

మట్టి మీద బూజు గురించి టెన్షన్ పడకండి. అది కుళ్లుతున్న ఆకుముక్కల్ని, కోకోపీట్‌ని (కొబ్బరి పొట్టుని) తిని బతుకుతుంది, మొక్క జోలికి రాదు. మట్టి ఎప్పుడూ తడిగా ఉంటోందని మాత్రం చెబుతుంది. పైపొర గీకి పారేయండి, వేలు రెండు కణుపుల లోతు దించితే పొడిగా తగిలాకే నీళ్లు పోయండి.

పాత ఆకుల మీద పడ్డ పసుపు మచ్చలు పోవు, వాటిని చూసి మందు పనిచేయలేదనుకోకండి. ఆకులన్నీ తుడిచాక మొక్క కింద ఒక అద్దం ముక్క పెట్టండి. కొన్నాళ్లయినా దాని మీద జిగురు చుక్కలు పడకపోతే కుండీని తిరిగి మిగతావాటి పక్కన పెట్టుకోవచ్చు.