ఉంగరం కొనే ముందు గ్లవ్ తొడిగి చూడండి

ప్రశ్న: మాది నరసన్నపేట. పైడిభీమవరంలో మందుల కంపెనీలో పని చేస్తున్నాను. మాఘంలో నా నిశ్చితార్థం. అమ్మాయి శ్రీకాకుళంలో స్టాఫ్ నర్సు. తనకి చెప్పకుండా వజ్రపు ఉంగరం కొనాలని ఉంది. లక్ష దాటకూడదు. ఒక కొట్టులో 30 సెంట్ల (క్యారెట్‌లో నూరో వంతు ఒక సెంటు) జాతి వజ్రం చూపించారు. ఇంకో కొట్టులో దాదాపు అదే డబ్బుకి ల్యాబ్‌లో చేసిన పెద్ద రాయి ఇస్తామంటున్నారు. మా అక్కేమో అది డూప్లికేట్ అంటోంది. టెన్షన్‌గా ఉంది. ఏది కొనమంటారు?

జవాబు: బాబూ, ల్యాబ్ రాయి డూప్లికేట్ కాదని ముందు మీ అక్కకి చెప్పండి. అదీ కర్బనమే, గట్టిదనం, మెరుపు అన్నీ ఒకటే. కొట్టులో టెస్టర్ పెన్ను ఆనిస్తే రెండింటికీ ఒకే కూత వస్తుంది. అసలు వజ్రమే కాని మొయిసనైట్ అనే రాయికి కూడా చాలా టెస్టర్లు కూస్తాయి. అందుకే నేను పెన్నుని కాదు, సర్టిఫికెట్‌ని నమ్ముతాను. అయితే ల్యాబ్ రాయిని రేపు అమ్మబోతే దాదాపు ఏమీ రాదు. అది తెలిసి, అందం కోసమే కొనుక్కుంటే తప్పేం లేదు. బిల్లులో ‘ల్యాబ్’ అని రాయించుకోండి, అంతే.

అమ్మాయి నర్సు అన్నారు చూడండి, నేను ఆ మాట దగ్గరే ఆగిపోయాను. రోజుకి ఎన్నిసార్లు చేతులు కడుగుతుందో, ఎన్ని జతల గ్లవ్స్ మారుస్తుందో! ఎత్తుగా నిలబడే రాయి ఆ గ్లవ్‌ని చించుతుంది.

విజయనగరంలో పంతొమ్మిదేళ్లు నగల కౌంటర్ వెనక నిలబడ్డాను. అయినా నా ఉంగరం విషయంలోనే మోసపోయాను. 22 క్యారెట్లయితే మేలని ఒక కొట్టువారు చెబితే మా నాన్న నమ్మారు. రాయిని పట్టుకునే కొక్కేలు మెత్తబడి, ఒకటి పైకి లేచింది. ఒక సాయంత్రం బియ్యం కడుగుతుంటే వేలికి ఏదో గీసుకుంది. చూస్తే రాయి లేదు! మా అత్తగారు ఆ తడి బియ్యాన్ని చేటలో పోసుకుని, రాత్రి పదకొండు దాకా గింజ గింజా ఏరారు. కుడితి గోళెం కూడా వంపి చూశాం. దొరకలేదు.

అందుకని వజ్రానికి 18 క్యారెట్ల బంగారమే అడగండి, లోపల 750 అని ముద్ర ఉంటుంది. కొక్కేలు వద్దు, రాయి చుట్టూ బంగారపు అంచు మూసిన బెజెల్ కట్టు చేయించండి. రాయికి క్యారెట్ అంటే బరువు. ఒక క్యారెట్ గుండ్రటి రాయి అడ్డంగా ఆరున్నర మిల్లీమీటర్లు ఉంటుంది, 30 సెంట్లది నాలుగు పైచిలుకు. మీరు అనుకున్నంత తేడా కాదు. పైగా అంచు కడితే చిన్న రాయి నిండుగా కనిపిస్తుంది. నన్నడిగితే మీ 30 సెంట్ల జాతి రాయే తీసుకుంటాను. పసుపు బంగారంలో పొదిగేటప్పుడు అసలు రంగే లేని డి గ్రేడుకి డబ్బు పొయ్యనక్కర్లేదు, దాని కింది జి, హెచ్ చాలు. మిగిలింది కటింగ్‌కి పెట్టండి, మెరుపంతా అక్కడే ఉంది.

వజ్రాలు పరీక్షించే ఐజీఐ, జీఐఏ సంస్థల్లో ఒకదాని సర్టిఫికెట్ ఉండాలి. దాని నంబరు చాలా రాళ్ల నడుము అంచున లేజర్‌తో సన్నగా చెక్కి ఉంటుంది. లూప్ (చిన్న భూతద్దం) అడిగి చదివి, కాగితంతో సరిచూసుకోండి. అంచు మూస్తే అది కనబడదు, కాబట్టి రాయి విడిగా ఉండగానే చూడాలి. బిల్లులో బంగారం బరువు, రాయి బరువు, మజూరీ వేరువేరుగా ఉండాలి. బంగారం మీది ఆరక్షరాల హాల్‌మార్క్ నంబరు హెచ్‌యూఐడీని ప్రభుత్వపు బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడండి. వెనక్కిస్తే ఎంత ఇస్తారో కూడా రాయించుకోండి, నోటిమాట వద్దు.

ఇక చెప్పకుండా కొనడం. ఆ సరదా నాకు అర్థమైంది, కానీ ఈసారికి వద్దు బాబూ. డ్యూటీలో ఉంగరం ఉంచుకోనిస్తారో లేదో తనకే తెలుస్తుంది. తీసేయాల్సి వస్తే మెడ గొలుసులో వేసుకునేలా కడ్డీ నున్నగా చేయించాలి. వేలి కొలత ఉదయం ఒకలా, సాయంత్రం కాస్త ఉబ్బి ఇంకోలా ఉంటుంది, సాయంత్రమే తీయించండి. కొట్టు లైట్ల కింద ఏ రాయైనా మెరుస్తుంది, గుమ్మం దాకా తెచ్చి పగటి వెలుతుర్లో చూడండి. తనని ఒక జత గ్లవ్స్ బ్యాగులో వేసుకుని రమ్మనండి. ఉంగరం పెట్టుకుని, అక్కడే తొడిగి, పిడికిలి బిగించి చూడమనండి.