గరికకూ ప్లాస్టిక్‌కూ మధ్య నా ఎడమ మోకాలు

మీరు అడిగింది ఇదీ: "బెంగళూరులో వారం వారం కృత్రిమ టర్ఫ్ మీద, అదే ప్లాస్టిక్ గడ్డి మీద, ఫుట్‌బాల్ ఆడుతున్నాం. బురద లేదు, గుంతలు లేవు, వాన వెలిసిన పది నిమిషాలకే ఆట మొదలుపెట్టవచ్చు. మరి పెద్ద క్లబ్బులూ, ప్రపంచ కప్పు నిర్వాహకులూ ఇంకా మామూలు గడ్డినే ఎందుకు పట్టుకుని వేళ్లాడుతున్నారు?"

నాది కర్నూలు. 2006లో బెంగళూరు వచ్చి, మారతహళ్లి చుట్టుపక్కల ఆఫీసుల మధ్య జరిగే పోటీల్లో పదకొండేళ్లు ఎడమ వైపు డిఫెండర్‌గా ఆడాను. మట్టి మీద, గడ్డి మీద, టర్ఫ్ మీద కూడా పడ్డాను. పడినవాడి సాక్ష్యంగా తీసుకోండి.

2017లో ఒక ఆదివారం సాయంత్రం, అద్దె టర్ఫ్ మీద ఆడుతున్నాం. ఎదుటి ఆటగాడు లోపలికి తిరిగాడు, నేనూ తిరిగాను. నా ఒళ్లు తిరిగింది, బూటు మాత్రం తిరగలేదు. పచ్చి చిక్కుడుకాయ విరిచినట్టు చిన్న చప్పుడు. అంతే. మోకాలి లోపలి లిగమెంటు తెగిందని మర్నాడు స్కానింగులో తేలింది. తప్పు నాదే కూడా. గడ్డి మైదానానికి వాడే, అడుగున మేకుల్లాంటి పొడుగాటి స్టడ్లుండే బూట్లు వేసుకుని టర్ఫ్ ఎక్కాను. అయితే అవే బూట్లతో, అదే మలుపు గడ్డి మీద వందసార్లు తిరిగాను. ఏమయ్యేది? అరచేతి వెడల్పు పెళ్ల ఒకటి లేచి అవతల పడేది. నేనూ పడేవాణ్ణి. లేచేవాణ్ణి.

నాకు తెలిసినంతలో మీ ప్రశ్నకు సగం జవాబు ఆ పెళ్లలోనే ఉంది. బలం మరీ ఎక్కువైతే వేరు తెగుతుంది, మట్టి వదులుతుంది, ఆ తోపు కాలి దాకా రాకుండా నేలలోనే ఖర్చైపోతుంది. ప్లాస్టిక్ తివాచీకి వదిలే గుణం తక్కువ. ఇంతా చెప్పాక న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. ఇప్పటి మంచి టర్ఫ్‌ల మీద మొత్తం గాయాల సంఖ్యలో పెద్ద తేడా కనిపించలేదన్న అధ్యయనాలూ ఉన్నాయి. వాటితో నా మోకాలు ఏకీభవించదు కానీ, ఒక్క మోకాలితో శాస్త్రం తేలదు కదా.

ఇక వేడి సంగతి. 2015 మహిళల ప్రపంచ కప్పును కెనడాలో ఆరు స్టేడియాల్లో ఆడించారు, ఆరూ కృత్రిమమే. పురుషుల ప్రపంచ కప్పు అంతకుముందు ఎన్నడూ అలా ఆడలేదు. ఇది వివక్ష అంటూ అమెరికా ఆటగత్తె ఆబీ వాంబాక్ తదితరులు 2014లో ఫిర్యాదు చేసి, టోర్నీకి కొన్ని నెలల ముందు ఉపసంహరించుకున్నారు. ఎడ్మంటన్‌లో ప్రారంభ మ్యాచ్ రోజు నేల వేడి 49 డిగ్రీల సెల్సియస్ దాకా వెళ్లిందని వార్తలు వచ్చాయి. కెనడాలోనే అలా ఉంటే మన ఏప్రిల్ నెల మూడు గంటల ఎండలో ఎలా ఉంటుందో చెప్పనక్కరలేదు. గడ్డి తనలోని నీటిని ఆవిరి చేసుకుంటూ చల్లగా ఉంటుంది, టర్ఫ్ పోగుల మధ్య పోసే నల్ల రబ్బరు గింజలు ఎండను తాగి కూర్చుంటాయి. ఆ టర్ఫ్ మీద జారితే తొడ మీద చర్మం అరచేయంత లేచిపోతుంది. రాత్రి ఆ పుండు దుప్పటికి అంటుకుని, పొద్దున లేచేటప్పుడు దుప్పటి కూడా నాతో లేచేది. ఆ రబ్బరు గింజలేమో మేజోళ్లలోంచి వాషింగ్ మెషీన్‌లోకి, అక్కడి నుంచి మా ఆవిడ చీరల్లోకి. మా ఇంట్లో టర్ఫ్‌ను మొదట వ్యతిరేకించింది ఆవిడే. యూరోపియన్ యూనియన్ ఆలస్యంగా మేలుకుని, ఈ గింజల అమ్మకాన్ని 2031 నుంచి నిషేధించబోతోంది. నేలలోకీ నీళ్లలోకీ చేరే ప్లాస్టిక్ రేణువుల భయంతో.

అలాగని టర్ఫ్ మీద నిజమైన ఫుట్‌బాల్ ఆడలేరని అనను. బెంగళూరు ఎఫ్.సి. తొలి సీజన్, 2013-14లో, అశోక్ నగర్ దగ్గరి ఫుట్‌బాల్ స్టేడియంలోని కృత్రిమ మైదానాన్నే సొంత గడ్డగా చేసుకుని, అప్పటి దేశ అగ్ర లీగు అయిన ఐ-లీగ్ గెలిచింది. ఆ మెట్ల మీద కూర్చుని సునీల్ ఛెత్రి ఆట చూశాను. బంతి సాఫీగా దొర్లేది, పాసులు వేగంగా నడిచేవి. మరుసటి సీజన్‌కు జట్టు కంఠీరవ స్టేడియానికి, అంటే మామూలు గడ్డికి, మారింది. కోల్‌కతా సాల్ట్ లేక్ స్టేడియం కూడా 2017 అండర్-17 ప్రపంచ కప్పు కోసం టర్ఫ్ తీసేసి గడ్డి వేసుకుంది. వేసినది బెర్ముడా గడ్డి. పేరు చూసి విదేశీ సరుకనుకోకండి, వినాయక చవితికి మనం కోసుకొచ్చే గరిక జాతే. కణుపు కణుపుకూ వేరు వేస్తుంది, తెగిన చోట తానే అల్లుకుంటుంది. మన ఎండల్లో బూట్ల కింద నలగడానికి దానికంటే తగిన మొక్క నాకు తెలియదు.

2026 ప్రపంచ కప్పుకు ఎంచుకున్న 16 స్టేడియాల్లో సగం కృత్రిమ మైదానాలవే. ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా షరతు ప్రకారం వాటన్నిటిలోనూ గడ్డి పరవాల్సిందే. నెదర్లాండ్స్ అగ్ర లీగు 2025-26 నుంచి టర్ఫ్‌ను వద్దనేసింది. మరోవైపు ఆర్కిటిక్ వలయానికి అవతల ఉన్న నార్వే జట్టు బోడో గ్లిమ్ట్ టర్ఫ్ మీదే ఆడి 2025లో యూరప్ క్లబ్బుల పోటీ అయిన యూరోపా లీగ్ సెమీఫైనల్ చేరింది. అక్కడి చలిలో గడ్డిని బతికించడమే గగనం, వాళ్లను తప్పుపట్టలేం.

మా ఆఫీసుకు వర్తూరు వైపు ఒక గడ్డి గ్రౌండ్ ఉండేది. ముళబాగిలు నుంచి వచ్చిన పెద్దాయన ఒకరు దాన్ని చూసుకునేవారు. మ్యాచ్ అవ్వగానే ఇసుక, ఎరువు కలిపిన బకెట్‌తో బయలుదేరి, లేచిన పెళ్లలను ఒక్కొక్కటే వెతికి గుంటలో పెట్టి, బొటనవేలితో అంచులు నొక్కేవారు. నేను చేసిన గుంట చూసి ఒకసారి సిగ్గుపడి క్షమించమన్నాను. "మీరు తవ్వండి సార్, పూడ్చడానికే కదా నాకు జీతం ఇస్తున్నారు" అన్నారు. స్టేడియంలో అయితే అలాంటి చేతులు పదుల్లో ఉంటాయి, పైగా వారానికి ఒకటో రెండో మ్యాచ్‌లు. గడ్డికి ఊపిరి పీల్చుకునే వ్యవధి దొరుకుతుంది. మా గ్రౌండ్‌కు ఉన్నది ఒక్క పెద్దాయన. పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా బుకింగులు. మూడేళ్లలో గోలు ముందు భాగం గచ్చులా తయారైంది. చిన్నప్పుడు ఎండాకాలంలో బీటలు వారిన నల్లరేగడి మీద ఆడినవాణ్ణి, చచ్చిన గడ్డి కంటే బతికున్న ప్లాస్టిక్కే నయమని నాకు తెలుసు.

2019లో గ్రౌండ్ కమిటీ టర్ఫ్ వేద్దామా అని అడిగితే, ఆపరేషన్ గాటున్న మోకాలితోనే కూర్చుని అవునని చెయ్యెత్తాను. పెద్దాయన ఉద్యోగం ఉంది. ఇప్పుడు పొడవాటి బ్రష్షుతో, పక్కలకు చిమ్మిన రబ్బరు గింజలను మళ్లీ మధ్యలోకి తోస్తుంటారు. నేను కనిపిస్తే మోకాలి సంగతి అడుగుతారు, గడ్డి సంగతి ఎత్తరు.

మీరు ఆడేది టర్ఫ్ మీదే అంటున్నారు కాబట్టి, ఈ ఆదివారం లోపు మీ బూట్లు తిరగేసి చూడండి. అడుగున పొడుగాటి స్టడ్లుంటే ఇంట్లో వదిలేయండి. చిన్న చిన్న రబ్బరు బొడిపెలుండేవి కొనుక్కోండి. ధరలో తేడా ఎంతైనా ఉండనివ్వండి, నా ఆపరేషన్ బిల్లు కంటే తక్కువే అవుతుంది.