సొసైటీ రిజిస్ట్రేషన్ సరే, మరి నీ జీతం ఎవరిస్తారు?

కావలి దగ్గర ఒక పల్లె నుంచి, బీకాం పూర్తి చేసిన అమ్మాయి రాసింది. నలుగురు స్నేహితులతో కలిసి ఊరి చివర యానాదుల కాలనీలో సాయంత్రం పూట 30 మంది పిల్లలకు చదువు చెబుతోంది, మొదలుపెట్టి ఏడాదిన్నర అయింది. దీన్నే ఎన్జీఓగా, అంటే స్వచ్ఛంద సంస్థగా రిజిస్టర్ చేయించి ఇదే కెరీర్‌గా పెట్టుకుంటానంటుంటే వాళ్ళ నాన్న బ్యాంకు కోచింగ్‌కు పొమ్మంటున్నారట. "ఎన్జీఓ పెట్టాలంటే ఏం చెయ్యాలి మేడమ్, అసలు కష్టం ఎక్కడుంటుంది?" అని అడిగింది.

అమ్మా, పెట్టడం కష్టం కాదు. మన రాష్ట్రంలో 2001 నాటి సొసైటీల చట్టం ప్రకారం కనీసం 7 మంది సభ్యులు కావాలి, బైలాస్, అంటే సంస్థ నడిచే నియమాలు రాసుకుని జిల్లా రిజిస్ట్రార్ దగ్గర నమోదు చేయించుకుంటే సరిపోతుంది. మీరు ఐదుగురే ఉన్నారు. ఇక్కడే చాలామంది తొందరపడి బాబాయినో, పక్కింటి అక్కనో సంతకానికి తెచ్చి కూర్చోబెడతారు. సొసైటీ అన్నాక అది నీ సొంతం కాదమ్మా, జనరల్ బాడీది, అంటే సభ్యులందరిదీ. రేపు మెజారిటీ వాళ్ళ వైపుంటే నువ్వు మొదలుపెట్టిన దాంట్లోంచి నిన్నే పక్కన పెట్టగలరు. కాబట్టి ఆ ఏడుగురూ నెలకొకసారైనా కాలనీకి వచ్చి పిల్లల పక్కన కూర్చునేవాళ్ళయి ఉండాలి. దొరకలేదంటే ఇంకా రిజిస్ట్రేషన్ టైమ్ రాలేదన్నమాట.

అసలు కష్టం జీతం. నీ ఉత్తరంలో దీని మాటే లేదు.

ఒకప్పుడు నేను ఐదేళ్ళు ఒక స్వచ్ఛంద సంస్థలో చేశాను. ఒకే దాత డబ్బుతో నడిచేది. ఆ ప్రాజెక్టు ఆగిపోయాక నాలుగు నెలలు మాకెవరికీ జీతాల్లేవు, ఇంట్లో చెప్పుకోలేక ఎంత టెన్షన్ పడ్డానో నాకే తెలుసు. దానికంటే ఎక్కువ బాధపెట్టింది ఇంకొకటి ఉంది. సెంటరుకు తాళం వేశాక కూడా పిల్లలు కొన్నాళ్ళు రోజూ సాయంత్రం పలకలు పట్టుకుని వచ్చి అరుగు మీద కూర్చున్నారు. డబ్బు సంగతి ముందు చూసుకోమని నేను ఇంతగా చెప్పేది ఆ పిల్లలు ఇప్పటికీ కళ్ళలో మెదులుతారు కాబట్టే.

ఇప్పుడు లెక్క వేద్దాం. పిల్లలకు పుస్తకాలు, పెన్సిళ్ళు, ఏదో కొంచెం చిరుతిండి కలిపి నెలకు రూ.4,500, పార్ట్‌టైమ్‌గా చెప్పే ఇద్దరికి చెరి రూ.6,000, నీకు రూ.15,000 అనుకో. మొత్తం రూ.31,500, ఏడాదికి రూ.3,78,000. ఇది ఎక్కడినుంచి వస్తుంది? కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఖర్చుపెట్టే సీఎస్ఆర్ డబ్బు అంటావేమో, బయటి సంస్థకు ఇవ్వాలంటే అలాంటి పనిలో కనీసం 3 ఏళ్ళ అనుభవం చూడాలని నిబంధన ఉంది, పైగా ఆ సంస్థకు కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ దగ్గర సీఎస్ఆర్-1 నమోదు ఉండాలి. విదేశీ విరాళాలకైతే మామూలుగా 3 ఏళ్ళు పూర్తయి, ఆ మూడేళ్ళలో అసలు పని మీద రూ.15 లక్షలు ఖర్చుపెట్టి ఉంటేనే విదేశీ విరాళాల చట్టం కింద ఇచ్చే ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్. అంటే నీకు డబ్బు బాగా అవసరమైన మొదటి మూడేళ్ళూ ఈ రెండు దారులూ మూసే ఉంటాయి. ఇక ఆదాయపన్ను శాఖ నుంచి 80జి గుర్తింపు తెచ్చుకుంటే దాతలకు పన్ను మినహాయింపు వస్తుంది, నిజమే, కానీ కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్ళకు అదీ ఉండదు. ఇచ్చేవాళ్ళు నిన్ను చూసి, ఆ పిల్లల్ని చూసి ఇవ్వాల్సిందే. నెలకు రూ.300 ఇచ్చేవాళ్ళు 105 మంది కావాలి. ఇప్పుడు నీకు ఎంతమంది ఉన్నారు?

సేవ చేస్తూ జీతం తీసుకుంటావా అని ఊళ్ళో ఎవరో ఒకరు అంటారు, పట్టించుకోకు. చేసిన పనికి తగిన జీతం తీసుకోవడానికి చట్టం అడ్డు చెప్పదు, కమిటీ తీర్మానం రాసి, లెక్కల్లో చూపించి తీసుకో. తప్పు ఎక్కడొస్తుందంటే, విరాళాలు నీ సొంత ఫోన్‌పేలోకి వస్తున్నాయని రాశావే, అక్కడ. ఈరోజే ఆపెయ్. నీ రీచార్జ్ డబ్బూ పిల్లల నోటుపుస్తకాల డబ్బూ ఒకే ఖాతాలో కలిస్తే నువ్వెంత నిజాయితీగా ఉన్నా రేపు చూపించలేవు. ప్రస్తుతానికి ఇద్దరి పేర్లతో వేరే జాయింట్ ఖాతా తెరిచి, ఇద్దరూ సంతకం పెడితేనే డబ్బు బయటికి వచ్చేలా పెట్టుకోండి. బీకాం చదివావు కదా, క్యాష్‌బుక్ నువ్వే రాయగలవు.

పనికి రిజిస్ట్రేషన్ లేకపోతే విలువ ఉండదనుకోకు. మీ వైపే కదా దూబగుంట ఊరు. రాత్రి బడిలో అక్షరాలు దిద్దుకున్న ఆడవాళ్ళే సారా దుకాణాల మీద తిరగబడ్డారు, అది రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరులో సారా నిషేధం దాకా వెళ్ళింది. నీ కాలనీలో కూడా ముందు చెయ్యాల్సినవి బోలెడున్నాయి. అమ్మానాన్నలు ఇటుక బట్టీలకో రొయ్యల గుంటల కాపలాకో వెళ్తే పిల్లలు బడి మానేస్తున్నారని రాశావు. ఎవరు మానేశారు, ఎవరికి ఆధార్ లేదు, ఎవరికి కుల ధ్రువీకరణ పత్రం లేదు అని ఇంటింటి జాబితా రాయి. దాన్ని పట్టుకుని హెడ్‌మాస్టరు దగ్గరికి, గ్రామ సచివాలయానికి, అక్కడ కాకపోతే నెల్లూరులో యానాదుల కోసమే ఉన్న ప్రభుత్వ గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏకి వెళ్ళు. పదిమందిని తిరిగి బళ్ళో కూర్చోబెడితే ఏ దాతకైనా చూపించడానికి అంతకంటే ఏం కావాలి?

కెరీర్ సంగతికొస్తే, ముందు రెండేళ్ళు ఇంకొకరి సంస్థలో జీతానికి చెయ్యి. ప్రాజెక్టు రిపోర్టు ఎలా రాస్తారో, ఆడిట్‌కు ఏం అడుగుతారో అక్కడ తెలుస్తుంది. చదువుతానంటే మన విక్రమ సింహపురి యూనివర్సిటీలో సోషల్ వర్క్ పీజీ కోర్సు ఎంఎస్‌డబ్ల్యూ ఉంది, దగ్గరే కాబట్టి సెలవు రోజుల్లో కాలనీకి వెళ్ళొచ్చు. పల్లెల్లో 13 నెలలు పనిచేసే ఎస్బీఐ యూత్ ఫర్ ఇండియా ఫెలోషిప్ కూడా చూడు, డిగ్రీ అయినవాళ్ళకు 21 నుంచి 32 ఏళ్ళ లోపు వరకు అవకాశం ఉంటుంది. అది తీసుకుంటే ఊరు వదలాలి, కాలనీ బాధ్యత మిగతా నలుగురిలో ఎవరిదో ముందే తేల్చుకోవాలి.

మీ నాన్నగారిని మాత్రం శత్రువులా చూడకు. ఆయన సేవ వద్దనడం లేదు, నెలనెలా నీకు తిండి ఎలా అని అడుగుతున్నారు. ఆ ప్రశ్న నేనూ అడిగాను. పై లెక్క కాగితం మీద రాసి ఆయన ముందు పెట్టు, వీలైతే ఒకరోజు సాయంత్రం కాలనీకి తీసుకెళ్ళి పిల్లల చేత చదివించు. ఇంటింటి జాబితా అయ్యాక ఆ 105లో ఎంతమంది దొరికారో నాకు రాయి, బైలాస్ అప్పుడు కూర్చుని రాద్దాం.