పెళ్లి పందిట్లో లెన్స్ మార్చేటప్పుడు

అల్లుడూ,

శ్రావణంలో సొంతంగా పెళ్లిళ్లు ఒప్పుకున్నావని అమ్మ చెప్పింది. సంతోషంరా. నువ్వు పంపిన ఫొటోలు చూశాను. లోపల తీసినవి బాగున్నాయి. గుడి బయట తీసినవాటిలో మాత్రం ఆకాశంలో ఒకే చోట బూడిదరంగు మచ్చ ఉంది, గమనించావా? సెన్సార్ (కెమెరా లోపల బొమ్మ పట్టే పలక) మీద దుమ్మది. లెన్స్ రంధ్రం పెద్దగా తెరిచిన ఎఫ్ 2.8లో కనిపించదు, రంధ్రం చిన్నదయ్యే ఎఫ్ 11 దాటేసరికి బయటపడుతుంది.

నా అనుమానమంతా నీ లెన్స్ వెనక క్యాపు మీదే, అదే కెమెరాకి తగిలించే వైపు మూత. ముందు క్యాపు ఎక్కడ పోతుందోనని తెగ కంగారు పడతావు గానీ, వెనక క్యాపుని తీసి చొక్కా జేబులో పడేస్తావు. జేబులో ఉండే నూలుపోగులన్నీ క్యాపుకి అంటుకుని, అక్కణ్ణుంచి లెన్స్ వెనక గాజు మీదకీ, ఆ తర్వాత కెమెరా బాడీలోకీ చేరతాయి. ముందు క్యాపు సంగతి వదిలెయ్. పెళ్లి జరుగుతున్నంతసేపూ లెన్స్ ముందు తగిలించే గొట్టం, ఆ హుడ్ చాలు, క్యాపు బ్యాగులోనే ఉండనీ.

మార్చే పద్ధతి చెప్తాను. బ్యాగులో ఒక గడి ఎప్పుడూ ఖాళీగా ఉంచుకో. కొత్త లెన్స్‌ని దాని గడిలో వెనక వైపు పైకి ఉండేలా నిలబెట్టి, క్యాపు బిగువు వదులు చెయ్యి, తియ్యకు. కెమెరా ఆఫ్ చేసి, మూతి నేలవైపు వంచి పట్టుకో. పాత లెన్స్ విప్పి ఖాళీ గడిలో పెట్టు, కొత్తది క్యాపు తీసి వెంటనే బాడీకి తగిలించు. టక్‌మని చప్పుడు వినిపించాకే చేతిలోని క్యాపుని పాత లెన్స్‌కి బిగించు. అన్నీ ఒకే మౌంట్ (కెమెరాకి తగిలే బిగింపు) లెన్సులైతే వెనక క్యాపు దేనిదైనా దేనికైనా సరిపోతుంది, ఏది ఎవరిదని వెతకక్కర్లేదు. క్యాపుని పళ్లతో పట్టుకునేవాళ్లని చూశాను, ఆ ఉమ్మి తడి ఎక్కడికి పోతుందో మరి!

లెన్స్ లేనప్పుడు కెమెరా మూతికి పెట్టే బాడీ క్యాపు కూడా ఇంట్లో బల్ల మీద పడేసి వెళ్లకు. ఖాళీగా ఉన్న వెనక క్యాపుకే దాన్ని తిప్పి బిగించు. రెండింటి లోపలి వైపులూ శుభ్రంగా ఉంటాయి.

లోపల అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాలో లెన్స్ తియ్యగానే సెన్సార్ ఎదురుగా ఉంటుంది. కెనాన్ ఈఓఎస్ ఆర్ లాంటివి ఆఫ్ చెయ్యగానే షట్టర్ మూసుకుంటాయి, అలాంటిదైతే ఆ పల్చటి రేకుల్ని వేలితో తాకకు. నోటితో ఊదడం అసలే వద్దు.

ఇక అసలు గండం తలంబ్రాలు. ఈమధ్య బియ్యంలో థర్మాకోల్ పూసలు కూడా కలుపుతున్నారు, అవి ప్లాస్టిక్ కనబడితే చాలు జలగల్లా పట్టుకుంటాయి. పసుపు పొడి సంగతి చెప్పక్కర్లేదు. కాబట్టి జీలకర్ర బెల్లం ముందే, అక్షింతలు లేవకముందే, 24-70 లెన్స్ ఎక్కించేసుకో. అప్పగింతల దాకా దాన్ని దించకు. మధ్యలో దూరం నుంచి తీసే 70-200 లెన్స్ తప్పదనుకుంటే రెండో బాడీ అద్దెకు తెచ్చుకో, ఆ ఖర్చు పెళ్లివాళ్లతో మాట్లాడేటప్పుడే కలుపుకో.

వెనక క్యాపులు రెండు ఎక్కువ కొను. నా దగ్గర దుమ్ము ఊదే రబ్బరు బ్లోయర్ ఒకటి అదనంగా ఉంది, అమ్మ వచ్చేటప్పుడు ఇచ్చి పంపిస్తాను.

మామయ్య