ఘాట్ ఎక్కాలంటే ముందు పళ్లు లెక్కపెట్టు

అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

శృంగవరపుకోటలో ఉద్యోగంలో చేరాక ఆదివారాలు సైకిలు మీద బొడ్డవర దాటి ఘాట్ రోడ్డు ఎక్కుతున్నావని మీ అమ్మ చెప్పింది. సంతోషం. సింగిల్ గేరు బండితో మోకాళ్లు పట్టేస్తున్నాయని, ఏడు గేర్ల కిట్ ఆన్‌లైన్లో ఆర్డర్ పెట్టబోతున్నావని కూడా చెప్పింది. ఆ ఆర్డర్ ఆపు. ఇన్నేళ్లు సైకిళ్లు విప్పి బిగించినవాణ్ణి కాబట్టి చెప్తున్నాను, నీ బండికి ఆ కిట్ నేరుగా పట్టదు.

ముందు పళ్లు లెక్కపెట్టు. పెడల్ దగ్గర చైన్‌వీల్‌కి 44, వెనక చక్రానికుండే పళ్ల చక్రం, అదే ఫ్రీవీల్‌కి, 18 ఉన్నాయనుకో. పెడల్ ఒక్క చుట్టు తిరిగేసరికి వెనక చక్రం దాదాపు రెండున్నర చుట్లు తిరుగుతుంది. ఊళ్లో హాయిగా ఉంటుంది, ఎత్తు మీద ప్రాణం తీస్తుంది. వెనక 22 పళ్ల ఫ్రీవీల్ వేస్తే సరిగ్గా రెండు చుట్లకి దిగుతుంది. కాలి మీద భారం దాదాపు ఐదో వంతు తగ్గుతుంది. ఖర్చంటావా, ఒక ఫ్రీవీలూ రెండు లింకుల చైనూ. చక్రం అరంగుళం ముందుకి జరిగే చోటుంటే ఆ లింకులు కూడా అక్కర్లేదు.

పాత ఫ్రీవీల్ విప్పడమే అసలు పని. తొక్కే ప్రతిసారీ అది ఇంకాస్త బిగుసుకుంటుంది. ఉలీ సుత్తీ పెట్టి కొట్టే వాళ్ల చేతికి మాత్రం ఇవ్వకు, మర పాడైతే చక్రం మధ్యలో ఉండే హబ్బే మార్చాలి. ముందురోజు రాత్రి మరలోకి నూనె చుక్కలు వదులు. పొద్దున్న ఫ్రీవీల్ విప్పే పనిముట్టు రిమూవర్ని బల్లకి బిగించిన పట్టకారు, అదే వైస్‌లో నిలబెట్టి బిగించు. ఫ్రీవీల్ గాళ్లు దాని మీద కూర్చునేలా చక్రాన్ని పడుకోబెట్టి, రిమ్ముని రెండు చేతులా పట్టుకుని కారు స్టీరింగులా ఎడమకి తిప్పు. ‘టక్’మని వదులుతుంది. కొత్తది ఎక్కించే ముందు మరకి గ్రీజు రాయడం మర్చిపోకు, మళ్లీ విప్పే రోజు వస్తుంది.

ఇక ఆ ఏడు గేర్ల సంగతి. ఫ్రీవీల్ మర కలిసినా కలవొచ్చు గానీ, దాని మందం ఎక్కువ. సింగిల్ గేరు బండికి వెనక ఫోర్కు లోపలి వెడల్పు మామూలుగా 110 నుంచి 120 మిల్లీమీటర్లు. ఏడు గేర్లకి కనీసం 126 కావాలి. ఇనుప ఫ్రేమయితే తెలిసినవాడు కొంచెం విప్పార్చగలడు. అల్యూమినియం అయితే ఎవరు చెప్పినా ఒప్పుకోకు, పగులుతుంది. పొడుగు యాక్సిల్ వేసి, రిమ్ముని మళ్లీ మధ్యకి లాగాలి. సన్న చైన్ కావాలి, ఆ సన్న చైన్ పాత చైన్‌వీల్ లావు పళ్ల మీద కూర్చోదు, కాబట్టి అదీ మార్చాలి. కిట్ ధర చూసి ఆశపడేవాళ్లకి ఈ చిట్టా ఎవరూ చెప్పరు.

గేర్లే కావాలంటే నా ఓటు హబ్బులోపల ఉండే మూడు గేర్లకి. 1902 నుంచి ఇంగ్లండులో స్టర్మీ ఆర్చర్ వాళ్లు చేసిన రకం. కింది గేరు మామూలు గేరులో ముప్పావు వంతు. 22 పళ్లతో కలిపితే పెడల్ చుట్టుకి చక్రం ఒకటిన్నర చుట్లే తిరుగుతుంది. దుమ్మూ వానా లోపలికి అంతగా పోవు, ఎత్తులో ఆగిపోయినా నిలబడే గేరు మార్చుకోవచ్చు. చైన్ కూడా పాతదే సరిపోతుంది. కానీ కొనే ముందు చువ్వలు లెక్కపెట్టు. మన పాతరకం నల్ల సైకిళ్లకి వెనక 40 ఉంటాయి, ఇప్పుడొచ్చే హబ్బులకి ఎక్కువగా 36 రంధ్రాలే. లెక్క కలవకపోతే రిమ్ము కూడా కొనాలి.

ఇవన్నీ ఎక్కడానికి. దిగడం గురించి నువ్వు ఒక్క మాటైనా అడగలేదట, నా బెంగంతా దాని గురించే. గేర్ల మీద రూపాయి పెట్టేముందు బ్రేకు షూలూ కేబుళ్లూ కొత్తవి వేయించు. స్టీలు రిమ్ములు తడిస్తే బ్రేకు సరిగ్గా పట్టదు, వాన పడుతుంటే ఘాట్ ఎక్కనే వద్దు. మలుపుకి ముందే వేగం తగ్గించు. రెండు బ్రేకులూ వాడు, పట్టి ఉంచకుండా నొక్కి వదులుతూ దిగు.

ఈ వారంలో చైన్‌వీల్ పళ్లు, ఫ్రీవీల్ పళ్లు, వెనక చువ్వలు, ఫోర్కు వెడల్పు, నాలుగూ కాగితం మీద రాసి ఫోన్ చెయ్యి. ఫ్రేము ఇనుమో అల్యూమినియమో తెలియడానికి అయస్కాంతం అంటుకుంటుందో లేదో కూడా చూసి చెప్పు. ఏం కొనాలో అప్పుడు చెప్తాను.

మీ మావయ్య
విజయనగరం