పాఠకుల ప్రశ్నలు: సింగపూర్‌లో కొడుకు, సైనిక సేవ

ప్ర: మా వారు ఉద్యోగం మీద సింగపూర్ వచ్చి పీఆర్ (శాశ్వత నివాస హోదా) తీసుకున్నారు. నాకూ బాబుకూ ఆయనే స్పాన్సర్. బాబుకు 12 ఏళ్లు. ఇంటర్, బీటెక్ హైదరాబాద్‌లో చదివిద్దామని ఉంది. నేషనల్ సర్వీస్ (నిర్బంధ సైనిక సేవ) తప్పదా? మధ్యలో పీఆర్ వదులుకుంటే గొడవ ఉండదు కదా?
— ఒక తల్లి, సింగపూర్

జ: తప్పదండీ. మీ వారిది మొదటి తరం పీఆర్ కాబట్టి ఆయనకు మినహాయింపు. తండ్రి స్పాన్సర్‌షిప్‌తో పీఆర్ వచ్చిన కొడుక్కి అది లేదు. పదహారున్నర ఏళ్లకు రిజిస్ట్రేషన్, తర్వాత వైద్య పరీక్ష, 18 నిండాక రెండేళ్లు పూర్తికాలం సేవ. అదయ్యాక కూడా ఏళ్ల తరబడి రిజర్వు శిక్షణకు పిలుస్తుంటారు.

మనవాళ్లు ఇరుక్కునేది ఎగ్జిట్ పర్మిట్ దగ్గర. 13 నిండిన అబ్బాయి ఎక్కువకాలం విదేశంలో ఉండాలంటే అది తీసుకోవాలి. రెండేళ్లు, ఆపైన అయితే బాండ్ (పూచీకత్తు) కూడా: 75,000 సింగపూర్ డాలర్లు, లేదా తల్లిదండ్రులిద్దరి ఏడాది ఆదాయంలో సగం, ఏది ఎక్కువైతే అది. ‘అమ్మమ్మగారింట్లోనే కదా చదువుతున్నాడు’ అని పర్మిట్ లేకుండా ఉంచేస్తే అది నేరం. 10,000 డాలర్ల దాకా జరిమానా, మూడేళ్ల దాకా జైలు, రెండూ పడొచ్చు.

ఇంటర్ పూర్తయ్యేదాకా సాధారణంగా వాయిదా ఇస్తారు, బీటెక్‌కు ఇవ్వరు. సింగపూర్ యూనివర్సిటీలు సర్వీసు ముగిసేదాకా సీటు అట్టిపెడతాయి. ఇక్కడ ఎప్‌సెట్ ర్యాంకు ఆ ఏడాది అడ్మిషన్లకే పనికొస్తుంది.

పీఆర్ వదులుకోవచ్చు. కానీ సేవ చేయకుండా వదులుకుంటే, రేపు బాబు అక్కడ చదువుకో ఉద్యోగానికో దరఖాస్తు పెట్టినప్పుడు అది అడ్డొస్తుంది. మీ రీ-ఎంట్రీ పర్మిట్ (పీఆర్ పోకుండా దేశం దాటి తిరిగి రావడానికి ఇచ్చే అనుమతి) రెన్యువల్ మీద కూడా ప్రభావం పడొచ్చు. అందుకే 13 రాకముందే, బాబును కూడా కూర్చోబెట్టుకుని తేల్చుకోండి.

ఉంటాడనుకుంటే పరుగు ఇప్పుడే మొదలుపెట్టించండి. చేరే ముందు పెట్టే ఫిట్‌నెస్ పరీక్షలో 61 మార్కులొస్తే సర్వీసులో రెండు నెలలు తగ్గుతాయి. నూటికి 50 మార్కులు 2.4 కిలోమీటర్ల పరుగుకే. పుషప్స్‌కు 25, సిటప్స్‌కు 25.

ప్ర: నిర్బంధ సైనిక సేవ సింగపూర్‌ను నిజంగా ఒక జాతిగా కలిపిందా?
— డిగ్రీ విద్యార్థి, గుంటూరు

జ: చాలావరకు కలిపింది. 1965లో మలేసియా నుంచి విడిపోయినప్పుడు వాళ్లకున్నవి రెండు పదాతి బెటాలియన్లు. నిర్బంధ సేవ చట్టం 1967 మార్చిలో వచ్చింది. ఇంగ్లిష్ రాని చైనీయ కుర్రాళ్లకు హొక్కియెన్ భాషలో శిక్షణనిచ్చే ప్లటూన్లు ఉండేవి. కవాతు ఆదేశాలు మాత్రం నేటికీ మలయ్‌లోనే. కొత్తవాళ్లకు శిక్షణనిచ్చే టెకాంగ్ దీవిలో ‘సెడియా’ (సావధాన్) అని వినబడగానే చైనీయుడైనా తమిళుడైనా ఒకేసారి మడమ కొట్టి నిటారుగా నిలబడాల్సిందే.

అయితే తొలి ఏళ్లలో మలయ్ యువకులను చాలామందిని పిలవనేలేదు. కలపడానికి పెట్టిన ఏర్పాటే వాళ్లను బయట నిలబెట్టింది, ఆ గాయం చిన్నది కాదు. ఇప్పుడు ఆ గీత వలస వచ్చినవాళ్ల దగ్గర పడుతోంది. ‘సర్వీసు చేశావా?’ అన్న ప్రశ్నతోనే మనవాడా, బయటివాడా అని తూచేవాళ్లు అక్కడ తక్కువేం కాదు.