కమిటీలో తాపీమేస్త్రి ఉంటే మీ అబ్బాయి చదువు పాడవుతుందా?

చీరాల వైపు నుంచి ఒక తండ్రి రాశారు. ఉత్తరం పొడుగ్గా ఉంది కాబట్టి కుదించి పెడుతున్నాను.

"మాది చేనేత కుటుంబం. నాన్న మగ్గం నేసేవాడు, నేను ఇంటర్ తప్పి బట్టల షాపులో సేల్స్‌మన్‌గా చేస్తున్నాను. మా అబ్బాయి జడ్పీ హైస్కూల్లో ఏడో తరగతి, లెక్కల్లో చురుకు. 2024 ఆగస్టులో జరిగిన స్కూల్ కమిటీ ఎన్నికల్లో నా భార్యని మెంబరుగా ఎన్నుకున్నారు. ఆమెకు నలుగురిలో మాట్లాడటం రాదు, అందుకని మీటింగులకి నేనే వెళ్తున్నాను. అక్కడ చూస్తే చైర్మన్ ఉపాధి హామీ పనికి పోయే ఆమె, వైస్ చైర్మన్ ఆటో డ్రైవరు, ఒక తాపీమేస్త్రి, బజ్జీల బండి ఆమె, మిగతావాళ్ళు మా నేతవాళ్ళే. డిగ్రీ చదివినవాళ్ళు ఒక్కరూ లేరు. ఇలాంటివాళ్ళు నడిపే బడిలో మావాడి భవిష్యత్తు ఏమవుతుందో అని భయంగా ఉంది. ఎనిమిదో తరగతికి ఐఐటీ ఫౌండేషన్ (చిన్న తరగతుల నుంచే ఐఐటీ ప్రవేశపరీక్షకి తయారుచేసే కోర్సు) ఉన్న ప్రైవేటు స్కూల్లో వేద్దామనుకుంటున్నాను. ఏడాదికి 90 వేలు అంటున్నారు, అప్పు చేయాలి. మా బంధువుల పిల్లలంతా అలాంటి స్కూళ్ళలోనే ఉన్నారు. రెండిటినీ పోల్చి ఏది మంచిదో చెప్పండి."

పోల్చి చెప్తానండీ. కానీ ముందు ఇంకో మాట. ఇలాంటి ఉత్తరాలు నాకు ప్రతి ఏడూ మార్చి నుంచి జూన్ దాకా వస్తూనే ఉంటాయి. ఒకరికి బెంచీలు బాగోలేవు, ఒకరికి తోటి పిల్లల భాష నచ్చదు, మీకు కమిటీలో మనుషులు నచ్చలేదు. అసలు సంగతి చివరి నుంచి రెండో వాక్యంలో ఉంటుంది ఎప్పుడూ. బంధువుల పిల్లలంతా అక్కడున్నారు. పెళ్ళిళ్ళలో "మీవాడు ఎక్కడ చదువుతున్నాడు" అని అడిగితే జడ్పీ హైస్కూలు అని చెప్పడానికి మీకు నోరు రావట్లేదు. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, చాలామందికి ఉండేదే. కాకపోతే ఆ బరువు తీసుకెళ్ళి తాపీమేస్త్రి నెత్తిన పెట్టారు చూశారూ, అదే నాకు నచ్చలేదు.

ఆ కమిటీ అలా ఎందుకుందో తెలుసా మీకు? 2009 విద్యాహక్కు చట్టంలోనే అలా రాశారు. సభ్యుల్లో నాలుగింట మూడొంతులు ఆ బడి పిల్లల తల్లిదండ్రులే ఉండాలి, మొత్తంలో సగం మంది ఆడవాళ్ళు ఉండాలి. మన దగ్గర తరగతికి ముగ్గురు చొప్పున ఎన్నుకుంటారు, చైర్మనూ వైస్ చైర్మనూ ఆ తల్లిదండ్రుల్లోంచే రావాలి. హెడ్‌మాస్టరు కన్వీనరు. అంగన్‌వాడీ కార్యకర్త, ఏఎన్ఎం, వార్డు మెంబరు లాంటివాళ్ళు ఉద్యోగం వల్లో పదవి వల్లో వచ్చి కూర్చుంటారు. పోటీ చేయడానికి ఇంత చదువుండాలన్న షరతు లేదు. అంటే మీ ఊరి బడికి ఎవరి పిల్లలు వస్తారో కమిటీ కూడా అచ్చం అలాగే ఉంటుంది. డిగ్రీ ఉన్న తండ్రులు అక్కడ లేరంటే, వాళ్ళు తమ పిల్లల్ని ముందే తీసుకెళ్ళిపోయారు కాబట్టి లేరు. రేపు మీరూ తీసుకెళ్ళిపోతే ఇంటర్ దాకా చదివిన ఒక్కరూ తగ్గుతారు, మీ ఆవిడ సభ్యత్వమూ అంతటితో పోతుంది.

నిజంగా చదువుకున్న మనిషే కావాలంటే దానికీ దారి ఉంది. బయటివాళ్ళు ఇద్దరిని కమిటీ కో-ఆప్ట్ చేసుకోవచ్చు, పూర్వ విద్యార్థులైనా సరే, దాతలైనా సరే. మీ ఊళ్ళో రిటైరైన లెక్కల మాస్టారు ఎవరూ లేరా? ఆ రెండు సీట్లూ ఇప్పుడు ఎవరికిచ్చారో ఎప్పుడైనా అడిగారా? నాకు తెలిసి చాలాచోట్ల పార్టీ వాళ్ళ మనుషులకి పోతాయి అవి.

తాపీమేస్త్రి గురించి ఒకటి చెప్పి తీరాలి. నాడు-నేడు పథకం కింద సర్కారు బడుల్ని బాగుచేసే పనులు జరిగే రోజుల్లో ఒక స్కూలుకి కెరీర్ క్లాసు చెప్పడానికి వెళ్ళాను. ఆ పనుల డబ్బు పేరెంట్స్ కమిటీల ద్వారానే ఖర్చయ్యేది. కొత్తగా కట్టిన గోడకి రంగు వేసి ఉంది, నేనైతే బాగుందని ఫొటో కూడా తీసుకున్నాను. పక్కనే లుంగీ కట్టుకుని నిలబడ్డ మనిషి, కమిటీ మెంబరని తర్వాత తెలిసింది, జేబులోంచి తాళంచెవి తీసి గోడ మీద ఒక గీత గీశాడు. ఇసుక పొడిపొడిగా రాలి ఆయన కాలి మీద పడింది. "మాలులో సిమెంటు తక్కువ సార్, నీళ్ళూ కొట్టలేదు, రెండు వానలకి ఊడుద్ది" అన్నాడు. ఆ మధ్యాహ్నమే హెడ్‌మాస్టరు గదిలో పెద్ద గొడవైంది, ఆ గోడ మళ్ళీ గోకించి పూయించారు. నాకు రెండు పీజీలున్నాయి. ఆ గోడ ముందు నేను ఫొటో తీసుకున్నాను, ఆయన తప్పు పట్టుకున్నాడు.

కమిటీ పని అదే. బీజగణితం చెప్పడం దాని పని కాదు, టీచర్లని నియమించే అధికారమూ దానికి లేదు. బడి అభివృద్ధి ప్లాను వేయాలి, వచ్చిన డబ్బు ఎటు పోయిందో చూడాలి, టీచర్లు వస్తున్నారా, పిల్లలు మానేస్తున్నారా, మధ్యాహ్న భోజనం ఎలా ఉందో కనిపెట్టాలి. అన్నం గుండిగ మూత తీసి వాసన చూస్తే బజ్జీల బండి ఆమెకి తెలిసేంత మీకూ నాకూ తెలుస్తుందా? పిల్లలు ఏ సందుల్లోంచి, ఏ లారీల మధ్య నుంచి బడికొస్తున్నారో ఆటో ఆయనకి తెలిసినట్టు ఏ ఎంఏ ఎంఎడ్‌కి తెలుస్తుంది?

ఇది మన పల్లెటూళ్ళ వెనకబాటు అనుకోకండి. టెక్సస్‌లో స్థిరపడ్డ మనవాళ్ళని అడగండి. అక్కడి స్కూల్ బోర్డు ట్రస్టీలకి జీతం ఉండదు, టీచింగ్ డిగ్రీ ఉండాలన్న షరతూ లేదు, ఓటర్లు ఎన్నుకుంటే చాలు. బడులు నడపడానికి సూపరింటెండెంటని ఒకరిని పెట్టుకుని ఆయన్ని నిలదీస్తుంటారు. తెలంగాణలో 2024లో పెట్టిన అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలకి ఊరి మహిళా సంఘం అధ్యక్షురాలే పెద్ద. 1998లో ఉమ్మడి రాష్ట్రంలో ప్రత్యేకంగా చట్టం చేసి మరీ బడుల మీద తల్లిదండ్రుల కమిటీలు వేశారు. ఇదేమీ నిన్న మొన్న వచ్చిన ముచ్చట కాదు.

అలాగని కమిటీలన్నీ గొప్పగా పనిచేస్తున్నాయని చెప్పి మిమ్మల్ని మోసం చేయను. చాలాచోట్ల చైర్మన్‌ని ఊరి నాయకుడు ముందే ఖాయం చేస్తాడు, చేతులెత్తించడం లాంఛనం. "ఇక్కడ సంతకం పెట్టమ్మా" అంటే పెట్టేసి వెళ్ళిపోయేవాళ్ళే ఎక్కువ. ఆడవాళ్ళ సీటులో మొగుళ్ళు కూర్చుంటారు. మీలాగా. క్షమించండి, కోపంగానే రాస్తున్నాను. మూడు పేజీల ఉత్తరంలో కమిటీ వాళ్ళ చదువుల గురించి పేజీన్నర రాశారు, ఆ మీటింగుల్లో మీరు ఏం అడిగారో ఒక్క ముక్క లేదు. ఊరు ఎన్నుకున్నది మీ ఆవిడని. ఆమెకి మాట్లాడటం రాదంటారు, ఇన్నాళ్ళుగా ఆమెని ఆ కుర్చీలో కూర్చోనిస్తే కదా వచ్చేది! ఉపాధి పనికి పోయే ఆమె చైర్మన్ కుర్చీలో కూర్చుని హెడ్‌మాస్టరుతో మాట్లాడుతుంటే మీకు కనిపించింది ఆమె కూలి పని ఒక్కటేనా?

సరే, ఫౌండేషన్ సంగతికి వద్దాం. ఇక్కడ నా తప్పు కూడా ఒప్పుకోవాలి. పదేళ్ళ కిందట నేనూ చాలామంది తల్లిదండ్రులకి చేర్పించమనే చెప్పాను. ఆరో తరగతి నుంచే మొదలుపెడితే ఇంటర్‌లో సులువవుతుందని నమ్మాను. ఆ పిల్లలు తర్వాత ఇంటర్ మధ్యలో నా దగ్గరికొచ్చారు, కొందరు బీటెక్ మధ్యలో వచ్చారు. వాళ్ళతో కూర్చున్నాక నమ్మకం సడలింది. ఐఐటీ ప్రవేశపరీక్ష జేఈఈ సిలబస్సు 11, 12 తరగతులది. ఎనిమిదో తరగతి పిల్లాడికి అందులో సగం అర్థంకాని ముక్కలు ముందే వడ్డిస్తే, భిన్నాలూ నిష్పత్తులూ గట్టిపడాల్సిన సమయంలో ఫార్ములాలు బట్టీ పడతాడు. ఇంటర్‌లో చేరాక లెక్చరర్లు మళ్ళీ ఒకటో పేజీ నుంచే మొదలెడతారు. అప్పటికి "ఇది నాకు తెలుసు" అనే భ్రమ ఒకటి, "నాకిది రాదు" అనే విసుగు ఒకటి, రెండూ వాడి తలలో కూర్చుని ఉంటాయి.

ఇంకోటి బయట బోర్డు మీద రాయరు. వారం వారం పరీక్షలు పెట్టి ర్యాంకుల ప్రకారం సెక్షన్లు మారుస్తారు. మంచి లెక్కల సారు మొదటి సెక్షనుకే వెళ్తాడు. మూడో సెక్షన్లో పడ్డ పిల్లాడి నాన్న కట్టేదీ అదే 90 వేలు. మొదటి సెక్షన్లో నిలబడి, చదివింది ఆడుతూ పాడుతూ చదివిన పిల్లలు లేరా అంటే ఉన్నారు, నాకు తెలుసు వాళ్ళు. వాళ్ళకి అది మేలే చేసి ఉండొచ్చు, ఏ బడిలో ఉన్నా అలాగే చదివేవాళ్ళేమో కూడా. ఇప్పటికీ దీని మీద నాకు తేల్చి చెప్పే ధైర్యం లేదు. దేశం మొత్తం మీద ఐఐటీ సీట్లు సుమారు 18 వేలు. ఆ పేరు పెట్టుకుని ఆరో తరగతి నుంచి ఫీజులు కట్టే ఇళ్ళు ఎన్నో మీరే ఊహించుకోండి. నాకు ఒకటి మాత్రం ఖాయంగా తెలుసు. అప్పు చేసి చేర్పించిన పిల్లాడికి ఆ అప్పు సంగతి ఎవరూ చెప్పకపోయినా తెలిసిపోతుంది. మార్కులు తగ్గిన రోజు ఇంటికి రావడానికి భయపడతాడు.

పైగా అక్కడ కమిటీ మాటేమిటి? సర్కారు సాయం తీసుకోని ప్రైవేటు బడులకి ఈ యాజమాన్య కమిటీ నిబంధన వర్తించదు. అంటే అక్కడ బడిని ఎవరు నడుపుతున్నారు, వాళ్ళ చదువేంటి, డబ్బు ఎటు పోతోంది అని అడగడానికి మీకు కుర్చీ ఉండదు. ఫీజు కౌంటర్ దగ్గర క్యూ ఉంటుంది. ఇక్కడేమో మీ ఇంట్లోనే ఒక మెంబరున్నారు!

పోలికలో మీరు లెక్కలోకి తీసుకోనివి రెండున్నాయి. ఎనిమిదో తరగతిలో ఎన్ఎంఎంఎస్ అని కేంద్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్ పరీక్ష ఉంటుంది. అది ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల పిల్లలకే. ఏటా 12 వేలు, తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా, మొత్తం 48 వేలు. ఇంటి ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు. సరిగ్గా ఆ ఏడాదే మీరు వాణ్ణి బయటికి తీస్తానంటున్నారు. ఏడో తరగతి మార్కులు కూడా చూస్తారు కాబట్టి ఈ ఏడు జాగ్రత్త. రెండోది, నూజివీడు, ఇడుపులపాయ, ఒంగోలు, శ్రీకాకుళం ట్రిపుల్ ఐటీల్లో పదో తరగతి మార్కుల మీదే సీటు, హాస్టల్ లేని సర్కారు బడుల్లో చదివినవాళ్ళకి 4 శాతం అదనంగా కలుపుతారు. లెక్కల్లో చురుకున్న మీవాడికి అది చిన్న విషయం కాదు.

జడ్పీ స్కూల్లో నేను భయపడేది ఒక్కదానికే, సబ్జెక్టు టీచరు లేకపోవడం. లెక్కల పోస్టు ఖాళీగా ఉండి ఇంకో సబ్జెక్టు వాళ్ళు నెట్టుకొస్తుంటే మీ ఆందోళన నిజమైనదే, అప్పుడు నేనూ మీ పక్షమే. టీచర్ల నియామకానికి 2025 మెగా డీఎస్సీ 16,347 పోస్టులకి వచ్చింది. మీ బడికి మ్యాథ్స్ స్కూల్ అసిస్టెంటు వచ్చారా? ఈ ప్రశ్న అడగాల్సింది నన్ను కాదు, కమిటీ మీటింగులో అడగాలి, అడిగి తీర్మానం రాయించి మండల విద్యాధికారికి పంపించాలి. ఆరు నెలలైనా కదలిక లేకపోతే బడి మార్చే ఆలోచన చేయండి. అప్పుడైనా ఫౌండేషన్ బోర్డు చూసి కాదు, మంచి లెక్కల సారు ఎక్కడున్నారో చూసి. లేదంటే ఆ 90 వేలలో పదో వంతు పెడితే సాయంత్రం ట్యూషన్ చెప్పే మంచి మాస్టారు మీ చుట్టుపక్కలే దొరుకుతారు.

మీవాడు బాగానే ఉన్నాడండీ. ఏడో తరగతిలో లెక్కలంటే ఇష్టపడే పిల్లాడికి కొంపలేం మునిగిపోవు. ఈసారి మీటింగుకి మీ ఆవిడని పంపండి, మీరు షాపుకి వెళ్ళండి. మినిట్స్ పుస్తకం అడిగి తీసుకుని చూడమనండి, ఆవిడకి చదవడం ఇబ్బందైతే పక్కనున్న అంగన్‌వాడీ టీచరు చదివి పెడుతుంది. లెక్కల పోస్టు గురించి అందులో ఏం రాసి ఉందో నాకు రాయండి, ఉత్తరం ఆవిడ పేరుతో వస్తే ఇంకా సంతోషం.